ఏఐ 9 నిమిషాల్లో రాసిన కోడ్ మా బాబాయ్‌ని 40 కిలోమీటర్లు ఎందుకు తిప్పింది?

ఇక్కడ మనం ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌లు రివ్యూ చేసుకుంటాం. నెల రోజులు వాడి, ఏది బాగుంది, ఏది బాలేదు అని మాట్లాడుకుంటాం. ఈసారి గాడ్జెట్ ఏమీ లేదు. నేను రోజూ ఎనిమిది గంటలు వాడే టూల్‌ని రివ్యూ చేస్తా. అదే, కోడ్ రాసే ఏఐ. టూల్ పేరు మాత్రం చెప్పను. ఎందుకంటే నేను చెప్పబోయే తప్పు టూల్‌ది కాదు, నాది. మీరు ఏ టూల్ వాడినా ఇదే తప్పు మీరూ చేసే ఛాన్స్ ఉంది.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది అమరావతి. రాజధాని అమరావతి కాదు. అమరేశ్వరుడి గుడి, బౌద్ధ స్థూపం ఉన్న పాత అమరావతి, పల్నాడు జిల్లా. (ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.) కంపెనీ హైదరాబాద్‌లో, నేను ఇంటి నుంచే పని. మేడ మీద గది, ఒక ల్యాప్‌టాప్, ఒక సెకండ్ హ్యాండ్ మానిటర్. కరెంటు పోతే ఇన్వర్టర్, ఫైబర్ పోతే ఫోన్‌లో 5జీ హాట్‌స్పాట్. మేం చేసే యాప్‌ని మిర్చి కొనుగోలు కేంద్రాలు వాడతాయి. రేటు ఎంత, రేపు కొంటారా కొనరా, డబ్బులు ఎప్పుడు పడతాయి లాంటి సమాచారం రైతుల ఫోన్‌కి నోటిఫికేషన్‌గా వెళ్తుంది.

ఏఐ నా పనిలోకి ఎలా వచ్చింది?

కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా. కోడింగ్ ఏఐ మూడు మెట్లుగా మా పనిలోకి వచ్చింది.

మొదటిది ఆటోకంప్లీట్. 2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రివ్యూ వచ్చినప్పుడు మొదలైంది. మనం సగం లైన్ టైప్ చేస్తే మిగతా సగం అది చూపిస్తుంది. నచ్చితే ట్యాబ్ కొట్టాలి, అంతే.

రెండోది చాట్. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక, ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి "ఇదేంటి?" అని అడగడం అందరికీ అలవాటైంది.

మూడోది ఏజెంట్. పని చెబితే చాలు, ఫైళ్లు అదే వెతుక్కుంటుంది, కోడ్ మారుస్తుంది, టెస్టులు రాస్తుంది, వాటిని రన్ చేసి "అయిపోయింది" అంటుంది. 2025 ఫిబ్రవరిలో ఆండ్రేజ్ కర్పాతీ ఈ పద్ధతికి "వైబ్ కోడింగ్" అని పేరు పెట్టాడు. కోడ్ చదవకుండా, ఫ్లోలో అడుగుతూ పోవడం అన్నమాట. ఆయన సరదా వీకెండ్ ప్రాజెక్టుల గురించి ఆ మాట అన్నాడు. మనలో చాలామంది సోమవారం ఆఫీసు పనికి కూడా అదే మొదలుపెట్టేశాం. నేనూ అంతే.

బాబాయ్ ఫోన్

ఒక రోజు మా మేనేజర్ నుంచి చిన్న పని వచ్చింది. నోటిఫికేషన్లు పొడుగైపోతున్నాయి, చిన్న ఫోన్లలో చూడ్డానికి బాలేదు, ఒక సైజుకి కుదించాలి. నేను ఏజెంట్‌కి ఒకే ముక్క చెప్పా: "నోటిఫికేషన్ 60 క్యారెక్టర్లు దాటితే కట్ చేసి, చివర మూడు చుక్కలు పెట్టు."

అది ఫంక్షన్ రాసింది, 14 టెస్టులు రాసింది, అన్నీ పచ్చ టిక్కులు. మొత్తం 9 నిమిషాలు. ఇదివరకైతే నాకు అరపూట పట్టేది. కోడ్ పైపైన చూశా, నీట్‌గా ఉంది. ఓకే కొట్టా. టీ తాగడానికి కిందికి వెళ్లా.

నాలుగు రోజుల తర్వాత శనివారం పొద్దున్నే మా బాబాయ్ ఫోన్. మిర్చి టిక్కీలు ట్రాలీ ఆటోలో వేసుకుని 40 కిలోమీటర్లు వెళ్తే అక్కడ గేటు మూసి ఉందట.

"ఏరా, మీ యాప్‌లోనే కదరా వచ్చింది, శనివారం కొనుగోళ్లు అని?"

"లేదు బాబాయ్, సెలవు అనే కదా పంపించారు."

"నువ్వే చూడు, నేను అబద్ధం చెప్తానా?"

స్క్రీన్‌షాట్ పంపాడు. కేంద్రం వాళ్లు పంపిన అసలు మెసేజ్ ఇది:

"రైతులకు గమనిక: రేపు శనివారం మన కేంద్రంలో మిర్చి కొనుగోళ్లు జరగవు"

బాబాయ్ ఫోన్‌లో కనిపించింది ఇది:

"రైతులకు గమనిక: రేపు శనివారం మన కేంద్రంలో మిర్చి కొనుగోళ్లు జ…"

ఆ "జ" తర్వాత ఏముంటుంది? జరుగుతాయి అయినా కావచ్చు, జరగవు అయినా కావచ్చు. సరుకు ఇంట్లో పెట్టుకుని రేటు కోసం ఎదురుచూసే మనిషి దాన్ని ఎలా చదువుకుంటాడు? "జరుగుతాయి" అనే చదువుకుంటాడు. రానూపోనూ ఆటో కిరాయి 2,000 రూపాయలు, ఎత్తుడు దించుడు కూలి వేరే, ఒక రోజు పోయింది. బాబాయ్ నన్ను తిట్టలేదు. "సర్లేరా, ఇంకెవరికీ కాకుండా చూడు" అన్నాడు. తిట్టినా అంత బాధేసేది కాదు.

60 క్యారెక్టర్లు అంటే ఎన్ని?

ఇప్పుడు టెక్నికల్ పాఠంలోకి వద్దాం. పేపర్, పెన్ను తీసుకోండి.

ఆ మెసేజ్‌లో మనం స్కూల్లో నేర్చుకున్నట్టు అక్షరాలు లెక్కపెడితే 29 వస్తాయి. రై, తు, ల, కు… అలా. కానీ కంప్యూటర్ అలా లెక్కపెట్టదు. యూనికోడ్‌లో తెలుగుకి హల్లు ఒక కోడ్ పాయింట్, గుణింతం గుర్తు ఇంకో కోడ్ పాయింట్, ఒత్తు రావాలంటే మధ్యలో పొల్లు మరో కోడ్ పాయింట్. ఉదాహరణకి మిర్చిలో "ర్చి" చూడండి. మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ర, పొల్లు, చ, గుడి, మొత్తం నాలుగు.

ఈ లెక్కన ఆ 29 అక్షరాలు 55 కోడ్ పాయింట్లు అవుతాయి. స్పేస్‌లు 8, కోలన్ 1 కలిపితే 64. యూటీఎఫ్ 8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు కాబట్టి మొత్తం 174 బైట్లు. అంటే ఒకే వాక్యానికి మూడు "పొడవులు" ఉన్నాయి. 60 దగ్గర కట్ చేస్తే సరిగ్గా "జ" దగ్గర ఆగింది. నాలుగే నాలుగు కోడ్ పాయింట్లు మిస్ అయ్యాయి. వాక్యం అర్థమంతా ఆ నాలుగింటిలోనే ఉంది.

ఇంకో సంగతి ఉంది. లెక్క కంటే ఇదే పెద్దది. ఇంగ్లీషులో ఇదే విషయం రాస్తే "నో" అనే మాట దాదాపు మొదట్లోనే వస్తుంది. చివర ఎంత కోసినా "లేదు" అన్న సంగతి మిగిలే ఉంటుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది, కాదు, లేదు, వద్దు అన్నీ ఆ చివరనే ఉంటాయి. "మందు కొట్టండి", "మందు కొట్టకండి" రెండూ "మందు కొట్ట" దాకా ఒకటే! తెలుగు వాక్యాన్ని చివర కోయడం అంటే తల తీసేయడమే.

మరి 14 టెస్టులు ఎలా పాసయ్యాయి? తర్వాత కూర్చుని ఒక్కొక్కటీ చదివా. అన్నీ ఇంగ్లీషు వాక్యాలే. "హలో వరల్డ్" లాంటివి. ఏఐ తప్పు చేయలేదు, నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. ఈ యాప్ తెలుగు రైతుల కోసం అని నేను చెప్పలేదు. మెసేజ్ అర్థం చెడకూడదు అని అసలే చెప్పలేదు. నేను అడిగింది సైజు. నాకు కావాల్సింది బాబాయ్‌కి విషయం తెలియడం. ఈ రెండూ వేరు.

సైజు లెక్క తెలుగుకి ఒకలా, ఇంగ్లీషుకి ఒకలా ఉండటం కొత్తేమీ కాదు. మామూలు ఎస్ఎంఎస్ చూడండి. ఇంగ్లీషులో అయితే ఒక మెసేజ్‌లో 160 క్యారెక్టర్లు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం కలిపినా మొత్తం మెసేజ్ యూనికోడ్‌కి మారి పరిమితి 70కి పడిపోతుంది. కావాలంటే మీ ఫోన్ మెసేజ్ యాప్‌లో ట్రై చేయండి, చాలా ఫోన్లలో పక్కన కౌంటర్ కనిపిస్తుంది.

ఐఫోన్‌ని పడగొట్టిన "జ్ఞా"

"ఇదేదో చిన్న కంపెనీ, చిన్న ఇంజినీర్ తప్పు" అనుకుంటున్నారా? అయితే 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. అప్పుడు ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా పంపితే యాప్ క్రాష్ అయ్యేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ఆ అక్షరం "జ్ఞా". మామూలుగా రాసే జ్ఞా కాదు. దాని మధ్యలో కంటికి కనిపించని ఒక కోడ్ పాయింట్ ఇరుక్కున్న వరుస అది. ఆ కనిపించని దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

అప్పటికి ఇప్పటిలాంటి కోడ్ రాసే ఏఐ లేదు. మనుషులే రాశారు, మనుషులే టెస్ట్ చేశారు. అయినా ఆ వరుస ఎవరి టెస్టులోనూ లేదు. కాబట్టి "ఏఐ వల్లే ఇదంతా" అనడం కూడా కరెక్ట్ కాదు. టెస్టు రాసేవాడి ఊహలో మన భాష లేకపోతే, రాసింది మనిషైనా మెషీన్ అయినా ఒకటే. ఏఐ వల్ల మారింది ఒకటే: ఆ తప్పు ఇప్పుడు 9 నిమిషాల్లో తయారై, పచ్చ టిక్కులతో వస్తుంది. చూడగానే నమ్మాలనిపిస్తుంది.

మా ఊరు ఏ జిల్లా?

బాబాయ్ విషయం తర్వాత పాత కోడ్ మొత్తం మళ్లీ చూడ్డం మొదలుపెట్టా. రైతు రిజిస్ట్రేషన్ ఫారంలో జిల్లా, మండలం డ్రాప్‌డౌన్ ఉంటుంది. అది కూడా ఏఐతో రాయించిందే. అందులో ఆంధ్రప్రదేశ్‌కి 13 జిల్లాలే ఉన్నాయి. అమరావతి మండలం గుంటూరు జిల్లా కింద ఉంది.

2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పుడే నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది, మా అమరావతి మండలం అందులోకి వెళ్లింది. మా ఊరి పేరు పెట్టుకున్న రాజధాని ప్రాంతం మాత్రం గుంటూరు జిల్లాలో ఉంది. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి అన్నీ అటే. పేరు ఒకటే, జిల్లాలు వేరు. దీన్ని ఏఐకి విడమరచి చెప్పకపోతే అది ఎక్కువసార్లు ఎక్కడ చూసిందో అదే రాస్తుంది.

ఎందుకంటే ఈ లాంగ్వేజ్ మోడల్ పని చేసే తీరే అది. చదివిన కోట్ల పేజీల్లోంచి తర్వాతి ముక్క ఏది వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేస్తుంది. పాత పేజీలు ఎక్కువుంటే పాత జవాబు వస్తుంది. ఒక తేదీ తర్వాత జరిగినవి దాని ట్రైనింగ్‌లో ఉండకపోవచ్చు. ముఖ్యంగా, తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే అదే ధీమాతో రాస్తుంది. దాని గొంతులో తడబాటు ఉండదు కాబట్టి మనకి అనుమానం రాదు.

పరిష్కారం కొత్త పేర్లు టైప్ చేయడం కాదు. రేపు మళ్లీ మారితే మళ్లీ తప్పే. ఇలాంటి లిస్టులు కోడ్‌లో ఉండకూడదు. ప్రభుత్వ డేటా నుంచి తీసుకుని, ఏ తేదీన తీసుకున్నామో పక్కన రాసి పెట్టుకోవాలి. ఇది ఏఐకి తెలియదా అంటే తెలుసు. అడిగితే చక్కగా చెప్పింది కూడా. నేను ముందు అడగలేదు, అంతే.

కనిపించనిదాన్ని తీసేస్తే…

మూడో తప్పు దాదాపు జరగబోయింది. ఈసారి పట్టుకున్నా.

"కోడ్ శుభ్రం చెయ్" అని ఏజెంట్‌కి చెబితే అది ఒక మంచి ప్లాన్ ఇచ్చింది. టెక్స్ట్‌లో కనిపించని క్యారెక్టర్లన్నీ తీసేసే లైన్ కలుపుతా అంది. కారణం కూడా చెప్పింది, అవి ప్రమాదం, క్రాష్‌లు తెస్తాయి అని. ఐఫోన్ కథ విన్నాక ఇది కరెక్టే అనిపిస్తుంది కదా?

కానీ అదే జీరో విడ్త్ నాన్ జాయినర్ మనకి రోజూ కావాలి. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ తర్వాత అదే ఉంది. అది తీసేస్తే "సాఫ్ట్వేర్" అయిపోతుంది, వ కాస్తా ఒత్తుగా కిందికి వెళ్లిపోతుంది. "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుంది. తెలుగు టైప్ చేసేవాళ్లకి ఈ బాధ తెలుసు. ఐఫోన్‌లో క్రాష్ తెచ్చిన వస్తువే, మన మాటని విడమరచి చూపించే వస్తువు కూడా. అది ఎందుకుందో తెలిసినవాడే దాన్ని ఎక్కడ తీయాలో, ఎక్కడ ఉంచాలో చెప్పగలడు.

మా ఊళ్లో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1797లో కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చేసరికి స్థూపం దిబ్బని తవ్వి రాళ్లు తీస్తున్నారు. ఆ రాళ్లు కొత్త కట్టడాలకి వెళ్లిపోయాయి. తీసినవాళ్ల కంటికి అవి మంచి రాళ్లు, అంతే. ఏ రాయి ఎక్కడిదో ఎవరూ రాసి పెట్టలేదు. మెకంజీ 1816లో మళ్లీ వచ్చి, మిగిలినవాటికి మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించాడు. మిగిలిన శిల్పాల్లో చాలా ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని మా ఊరి మ్యూజియంలో ఉన్నాయి. స్థూపం అసలు ఎలా ఉండేదో ఈరోజు ఊహించగలుగుతున్నామంటే ఆ బొమ్మలు, స్థూపం రూపాన్నే చెక్కిన కొన్ని పలకలు మిగలబట్టే.

ప్రాజెక్టులో పాత కోడ్ లైన్ కూడా అలాంటి రాయే. "ఇది ఎందుకుంది?" అన్న ప్రశ్నకి జవాబు దొరికేదాకా తీయొద్దు. తీస్తే ఎందుకు తీశామో గిట్ కమిట్ మెసేజ్‌లో రాయండి. "చిన్న మార్పులు" అని రాసే కమిట్ మెసేజ్ వల్ల రేపు ఎవరికీ ఉపయోగం లేదు.

నిజంగా స్పీడ్ పెరిగిందా?

గాడ్జెట్ రివ్యూలో బెంచ్‌మార్క్ ఉండాలి కదా. ఒకటుంది.

మెటర్ అనే పరిశోధన సంస్థ 2025 జూలైలో ఒక ప్రయోగం ఫలితం ఇచ్చింది. అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు, వాళ్లకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు. కొన్ని ఏఐతో, కొన్ని లేకుండా. మొదలుపెట్టే ముందు ఏఐతో 24 శాతం టైమ్ తగ్గుతుంది అనుకున్నారు. అయ్యాక 20 శాతం తగ్గింది అన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది!

ఇది 16 మందితో, 2025 మొదట్లో ఉన్న టూల్స్‌తో చేసింది. అందరికీ, అన్ని పనులకీ ఇదే అని చెప్పలేం. నాకైతే కొత్త లైబ్రరీ నేర్చుకునేటప్పుడు, బోర్ కొట్టే ఫైళ్లు రాసేటప్పుడు ఏఐ నిజంగానే టైమ్ మిగులుస్తోంది. ఈ ప్రయోగంలో నాకు నచ్చింది వేరే. స్పీడ్‌గా ఉన్నట్టు అనిపించడం, స్పీడ్‌గా ఉండటం ఒకటి కాదు. ఫోన్ కెమెరా మెగాపిక్సెల్స్ చూసి ఫొటో బాగుంటుంది అనుకోవడం లాంటిదే ఇది.

నా 9 నిమిషాల లెక్క కూడా చూడండి. కారణం వెతకడానికి ఒక రోజు. సరిచేసి మళ్లీ టెస్ట్ చేయడానికి రెండు రోజులు. బాబాయ్ రోజు ఒకటి. ఆ మెసేజ్ అలాగే చదువుకున్న మిగతావాళ్ల రోజులు నాకు తెలియవు. ఇవన్నీ కలిపితే 9 నిమిషాలు అని ఎలా అంటాం?

ఇప్పుడు నేను పాటించే పద్ధతి

ఏఐ వాడటం మానలేదు. రోజూ వాడుతున్నా. పని చేసే వరస మార్చా.

ఒకటి, ముందు ఎవరి కోసమో చెప్తా. "చదివేది తెలుగులో, చిన్న స్క్రీన్ మీద, ఎండలో నిలబడి. చదవగానే రేపు వెళ్లాలా వద్దా తెలియాలి." ఈ రెండు వాక్యాలు కలిపితే ఏఐ ఇచ్చే జవాబే మారిపోతుంది. మొదటి రోజే ఇలా అడిగి ఉంటే అదే నాకు హెచ్చరిక చెప్పేదేమో.

రెండు, టెస్టు వాక్యాలు నేనే రాస్తా. కోడ్ ఏఐ రాయొచ్చు, పరీక్ష పేపర్ మాత్రం నాది. పరీక్ష రాసేవాడే పేపర్ సెట్ చేస్తే అందరూ ఫస్ట్ క్లాసే కదా! నా దగ్గర 20 తెలుగు వాక్యాల ఫైల్ ఉంది. అందులో జ్ఞానం, లక్ష్మి, సాఫ్ట్‌వేర్, కొనుగోళ్లు లాంటి మాటలు, చివర "కాదు, లేదు, వద్దు" వచ్చే వాక్యాలు ఉంటాయి.

మూడు, కోయడం మానేశాం. మెసేజ్ పట్టకపోతే పంపేవాళ్లకే "పొడుగైంది, తగ్గించండి" అని చెప్తుంది. ముఖ్యమైన మాట ముందుకి తెచ్చాం. ఇప్పుడు అదే మెసేజ్ "సెలవు: రేపు శనివారం మిర్చి కొనుగోళ్లు లేవు" అని వెళ్తుంది. 42 కోడ్ పాయింట్లు. ఎక్కడ తెగినా "సెలవు" మిగులుతుంది.

నాలుగు, ఊరు, తేదీ, జిల్లా, రేటు, చట్టం లాంటివి ఏఐ జ్ఞాపకం నుంచి తీసుకోను. అసలు డేటా ఎక్కడుందో అక్కడి నుంచే.

ఐదు, వివరించలేని కోడ్‌కి ఓకే కొట్టను. ప్రతి మార్పు ముందు నాకు నేనే గట్టిగా చెప్పుకుంటా: ఇది ఏం చేస్తుంది, ఎక్కడ పగులుతుంది. నోరు తడబడితే అక్కడ నాకు అర్థం కాలేదని లెక్క. అర్థం కానిచోట మళ్లీ ఏఐనే అడుగుతా, ఈసారి "రాసిపెట్టు" అని కాదు, "నేర్పు" అని. ఈ పనికి అది నిజంగా చాలా మంచి టీచర్.

"అన్నా, ఇంక కోడింగ్ ఎందుకు?"

మా వీధిలో బీటెక్ మూడో ఏడాది చదివే తమ్ముడు ఒకడు ఈ మధ్య అడిగాడు. "అన్నా, ఏఐ అంతా రాసేస్తుంటే మేం కోడింగ్ నేర్చుకుని ఏం చేయాలి? ఉద్యోగాలు ఉంటాయా?"

ఉద్యోగాలు ఎన్ని ఉంటాయో నేను చెప్పలేను. కానీ వాడికి స్క్రీన్‌షాట్ చూపించి, "ఇందులో తప్పేంటో చెప్పు" అన్నా. ఒక నిమిషం చూసి, "జ తర్వాత తెగిపోయింది, అవుతాయో కావో తెలీదు" అన్నాడు. వాళ్ల నాన్న కూడా మిర్చే వేస్తాడు మరి. వాడికి తట్టింది ఆ 14 టెస్టులకి తట్టలేదు.

కానీ వాడు అక్కడే ఆగిపోయాడు. ఎందుకు తెగింది, స్ట్రింగ్ పొడవు ఎలా లెక్కిస్తారు, ఎక్కడ మార్చాలి అంటే తెలియలేదు. అదిగో, కోడింగ్ నేర్చుకోవాల్సింది అందుకే. తప్పు కనిపించడానికి మన ఊరు, మన భాష తెలియాలి. దాన్ని సరిచేయించడానికి కంప్యూటర్ ఎలా ఆలోచిస్తుందో తెలియాలి. ఈ రెండూ ఉన్నవాడికి ఏఐ మంచి పనిముట్టు. రెండూ లేనివాడికి అది తప్పుల్ని స్పీడ్‌గా తయారు చేసే మెషీన్.

2025 స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో 84 శాతం మంది డెవలపర్లు ఏఐ వాడుతున్నాం లేదా వాడబోతున్నాం అన్నారు. అందులోనే 46 శాతం మంది దాని జవాబుల మీద నమ్మకం లేదన్నారు. వాడటం, నమ్మకపోవడం రెండూ కలిసి ఉండొచ్చు. కొత్త డ్రైవర్ పక్కన కూర్చున్నట్టు. బండి అతనే నడుపుతాడు, మన కళ్లు రోడ్డు మీదే ఉంటాయి.

ఇంటి దగ్గర చేయాల్సిన పని

చదివి వదిలేయకండి. ఈ మూడూ ఈరోజే చేయండి, అరగంట పని.

మీ పేరు తెలుగులో రాసి పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌తో పొడవు చూడండి. తర్వాత వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టండి. రెండు నంబర్లు ఎందుకు వేరయ్యాయో ఒక వాక్యంలో రాయండి. మీకు స్విఫ్ట్ వస్తే అక్కడ కౌంట్ చూడండి. అది కోడ్ పాయింట్లు కాకుండా కంటికి కనిపించే అక్షరాలకి దగ్గరగా లెక్కిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఇదే పనికి ఇంటల్ సెగ్మెంటర్ ఉంది.

మీరు వాడే ఏఐతో "60 క్యారెక్టర్లకి కట్ చేసే ఫంక్షన్" రాయించండి. అది ఇచ్చిన టెస్టుల్లో తెలుగు ఉందో లేదో చూడండి. తర్వాత "ఇది తెలుగు రైతుల కోసం" అని కలిపి మళ్లీ అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చదవండి.

మీ మండలం ఏ జిల్లాలో ఉందో ఏఐని అడగండి. జవాబు సరైందో కాదో మీకు వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు మీకు తెలియని ఊరి గురించి అడగండి. అది అదే ధీమాతో చెప్తుంది. మీరు చెక్ చేయకుండా నమ్మిన ఆ రెండో జవాబే అసలు పాఠం.

తీర్పు

ప్లస్‌లు: బోర్ కొట్టే పని తగ్గిస్తుంది. కొత్తవి ఓపిగ్గా నేర్పుతుంది. అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు.

మైనస్‌లు: తెలియనిది తెలియదని చాలాసార్లు చెప్పదు. ఇంగ్లీషు ప్రపంచాన్నే మొత్తం ప్రపంచం అనుకుంటుంది. దాని పచ్చ టిక్కులు మనల్ని బద్ధకస్తుల్ని చేస్తాయి.

కొనాలా వద్దా అంటే, వాడండి. కానీ మిగిలిన టైమ్‌ని రీల్స్‌కి ఇవ్వకండి, అందులో సగమైనా చెకింగ్‌కి ఇవ్వండి.

కొత్త వెర్షన్ వెళ్లాక ముందు బాబాయ్ ఫోన్‌కే టెస్ట్ మెసేజ్ పంపి ఫోన్ చేశా.

"ఏమని వచ్చింది బాబాయ్?"

"సెలవు అని వచ్చిందిరా. మళ్లీ సెలవేనా?"

"లేదు బాబాయ్, ఊరికే టెస్ట్ చేస్తున్నా, రేపు కొంటారు."

"మరి ఆ ముక్క అందులో రాయొద్దూ?"

నిజమే. టెస్ట్ మెసేజ్ మీద "ఇది టెస్ట్" అని రాయడం మర్చిపోయా. అది కూడా వెంటనే కలిపా. నా 20 వాక్యాల ఫైల్ ఇప్పుడు 21 అయింది.